యాత్రావాఙ్మయము – పాలకాయతిప్ప మాఘస్నానము

దేశాటనము జ్ఞానమునకు ద్వారమని మన పెద్దలు దానిని విద్యాభ్యాసముతో సమానముగా నెన్నిరి. ఐనను మన తెలుగువారిలో యాత్రలు చేసినవారెందఱో గాని, చేసిన యాత్రను చదువదగినట్లు వ్రాసినవారు మిక్కిలి కొలది. కావ్యమునకు విమర్శ కలదు, నాటకమునకు కలదు, నవలకును కథకును గలదు. యాత్రాగ్రంథము మాత్ర మెట్లున్నను సరియే యని విమర్శకులు దానిని విడిచిపెట్టిరి. చూచిన యూళ్ల పేర్లును, బసచేసిన యిండ్ల సౌఖ్యమును, భుజించిన పదార్థముల రుచియు వ్రాసినచో యాత్రాచరిత్ర మగునని పలువురి తలంపు. ఈ తలంపు నేటి దినములలో మఱింత హానికరమైనది. ఏలయనగా, ఇపుడు జనులు గ్రంథమును జదివి బయలుదేఱుచున్నారు. చదివినదానినే చూచి వచ్చుచున్నారు. వ్రాతగాడు చూడనిదానిని పాఠకుడును జూడడు.

యాత్రావర్ణనములలో నెల్ల మిక్కిలి కష్టమైనది పరులయూరి పండుగను వర్ణించుట. కొండను వర్ణించినచో కొండ నొచ్చుకొనదు. పండుగ యట్టిది కాదు. దానికి కర్తలు మనుష్యులు. వారికి విశ్వాసములు కలవు, అప్పులు కలవు, లజ్జ కలదు. వారిని వర్ణించువాడు చుట్టమువలె వచ్చెనా, వేడుకకు వచ్చెనా, తప్పులు వెదకుటకు వచ్చెనా యనునది యతని ప్రతివాక్యమునను దెలిసిపోవును. ఈ దృష్టితో మన యాత్రావాఙ్మయమును గొంత పరిశీలింపదలచితిమి. పరీక్షకొక స్థలము కావలెను గావున పాలకాయతిప్పను గ్రహించుచున్నాము.

కృష్ణానది పులిగడ్డకడ రెండు పాయలుగా జీలి, నడుమ దివిసీమను ద్వీపముగా నొనర్చి, సముద్రమున గలియుచున్నది. సంగమమునకు జేరువనున్న క్షేత్రము హంసలదీవి. దానిని దాటి సముద్రపుటంచున నున్నది పాలకాయతిప్ప. అవనిగడ్డనుండి కోడూరుమీదుగా హంసలదీవి చేరి, ఇంకను ముందునకు బోయినచో త్రోవ యిసుకలో ముగియును. ఒకవంక మడయడవులు, ఉప్పుపఱ్ఱలు, ఒకవంక సముద్రము, నడుమ చేపలవేట జీవనముగా గల కుటుంబములు. ఏటేట మాఘపూర్ణిమనాడు కృష్ణా గుంటూరు మండలములనుండియు, అంతకంటె దూరమునుండియు జనులు వేలకొలదిగా వచ్చి, తెల్లవాఱుజామున సముద్రస్నానము చేసి, సంగమమునకు మ్రొక్కి, హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవింతురు. స్వామివారి కల్యాణోత్సవము నా దినములలోనే జరుగును. పసుపుకుంకుమలతో గంగమ్మను గొలుచు స్త్రీలు, బిడ్డల చేతులు పట్టుకొని యలలయంచున నిలుచు పురుషులు, మూటలతో వచ్చు వృద్ధులు, బొమ్మలు గాజులు మిఠాయి నమ్మువారు, అందఱును గూడిన తిరునాళ్ల యది.

ఇట్టి యుత్సవమును గుఱించి మనకు బుట్టిన మొదటి వాఙ్మయము స్థలపురాణము. ప్రజలలో రెండు కథలు వాడుకలో నున్నవి. పాపులు మునిగి మునిగి తమ పాపమును విడువగా నల్లనైన గంగ, కాకిరూపము దాల్చి తీర్థములన్నింట స్నానము చేయుచు వచ్చి, ఇచ్చట మునిగినంతనే హంసయైనదని యొక కథ. దేవతలు గుడిని ఒక్కరాత్రిలో గట్టబూని, కోడికూయుటచే గోపురమును సగమున విడిచి పోయిరని రెండవ కథ. స్థలపురాణమునకు గల గుణ మేమనగా, అది యూరిని ప్రేమించును. ఊరివారికి దమయూరు లోకమునకు నడుమనున్నదను ధైర్యము నిచ్చును. మారుమూల తిప్పకు గంగనే రప్పించినది పురాణమే గాని వేఱొకటి కాదు. దాని దోషమేమనగా, అన్ని క్షేత్రములకును ఒక్కటే స్తోత్రము చేయును. ఇచట మునిగిన పాపము పోవును, అచట మునిగినను బోవును. ఫలశ్రుతి యున్నది గాని స్థలము లేదు. సముద్రమెంత లోతు, ఏ నెలలో నలలెట్లుండును, వచ్చినవారికి మంచినీరెక్కడ దొరకును, ఆ నీరు మోసినవారెవరు అను ప్రశ్నలు పౌరాణికునికి దోచవు.

ఐనను గంగకథలో పౌరాణికుడే గమనింపక విడిచిన యొక యర్థము కలదు. తీర్థమును నల్లబఱచినవారెవరు? యాత్రికులే గదా! ఒకరి మాలిన్యము పోయెనన్నచో నది మఱియొకచోట జేరినదన్నమాట. స్నానము చేసినవాడు తేలికపడి యింటికి బోవును. నదియే కాకియై తిరుగవలసి వచ్చును. పుణ్యమును మాత్రమే లెక్కించి తీర్థము మోయు భారమును మఱచినవారికి ఇంతకంటె తీవ్రమైన మందలింపు మేమెచ్చటను జూడలేదు. తీరమున బ్లాస్టికు సంచులను, సీసాలను, చినిగిన గుడ్డలను విడిచి వచ్చుచున్న నేటి యాత్రికునికి ఈ కథ నీ యర్థముతో జెప్పు పురాణపఠనము జరిగినచో దానికి మేమును బోయి కూర్చుందుము.

రెండవది విదేశీయుల వ్రాత. మచిలీపట్టణము పేరుగన్న రేవుగా నుండినపు డాంగ్లేయులు, ఒలందులు, ఫ్రెంచివారు వర్తకమునకై వచ్చిరి. వారిలో విలియం మెత్వోల్డు అను నాంగ్లేయవర్తకుడు 1618 మొదలు 1622 వఱకు బందరున నుండి, గోలకొండరాజ్యమును గుఱించి వ్రాసిన వృత్తాంతము 1626లో లండనున పర్చాసు ప్రకటించిన యాత్రాసంపుటమున నచ్చుపడెను. కులభేదములు, వజ్రపుగనులు, సహగమనము మొదలగునవి యందు వర్ణితములైనవి. వర్తకుని కన్ను తూనికకు అలవాటుపడిన కన్ను. ధరలను, దూరములను, సరకులను జక్కగా జూచును. సహగమనమువంటి దురాచారమును గుఱించి పరదేశి వ్రాసినదానిని పరనిందయని మనము త్రోసిపుచ్చరాదు. మనవారు పుణ్యమని వర్ణించినచోట నొక స్త్రీ ప్రాణముతో కాలుచున్నదని చెప్పుటకు బయటివాడు కావలసి వచ్చినందులకు మనము సిగ్గుపడవలసినదే గాని కోపపడవలసినది లేదు. అయినను ఈ వృత్తాంతములకొక హద్దు కలదు. ఇందు మనవారు చేయుదురే గాని మాటాడరు. ఏల చేయుచున్నారని యడిగి, వారు చెప్పిన జవాబును వ్రాసిన తావులు మిక్కిలి యరుదు. దీనివలన జదువరికి ఆచారము దెలియును గాని, ఆచరించువాడు దెలియడు.

మూడవది మన తెలుగువాని వ్రాత. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర మన యాత్రావాఙ్మయమునకు మూలకందము. చెన్నపట్టణపు సుప్రీంకోర్టున దుబాసీగా బనిచేసిన యీ మహాశయులు పెద్దపరివారముతో 1830 మే 18న బయలుదేఱి, కాశీ గయ జగన్నాథములను సేవించి, 1831 సెప్టెంబరు 3న మరల చెన్నపట్టణము చేరిరి. మార్గమున దాము చూచినదానిని మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసి పంపుచుండిరి; ఆ వ్రాతలు 1838లో గ్రంథమైనవి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని బరిష్కరించి మరల బ్రకటించి యాంధ్రులకు మహోపకారము చేసిరి.

ఈ గ్రంథమున వర్ణనలు లేవని కొందఱు పండితులు తేలికగా జూచుట మే మెఱుగుదుము. సూర్యోదయవర్ణనము లేదు, నిజమే. ఏ యూరికి త్రోవ యెట్టిది, నది దాటుటకు సాధనమేమి, బసకు దావు కలదా, బియ్యము పప్పు దొరకునా, నీరు మంచిదా, ఊరివారి నడవడి యెట్టిది అను సంగతులున్నవి. వాడుకమాటలలో, కచ్చేరీలలో దిరిగిన యన్యభాషాపదములతో, ఏ యాడంబరమును లేక వ్రాసిరి. తరువాత వచ్చువాడు చిక్కుపడరాదను నొక్క దయ యా వచనమున కంతటికిని అలంకారము. శ్రీశైలమున కందనూరు నవాబు యాత్రికులనుండి పన్ను గొనుచు క్షేత్రమున కేమియు జేయకుండుటను వారు గమనించి వ్రాసిరి. భక్తిగలవాడే యా మాట వ్రాసెను. దేవునికి నమస్కరించుచునే దేవుని పేర జరుగు అన్యాయమును లెక్కవ్రాసికొనుట యాత్రాచరిత్రకారునికి దగిన గుణమని మా యభిప్రాయము.

ఐనను వీరాస్వామయ్యగారిని పూజించి విడుచుట విమర్శకు దగదు. వారు ధనవంతులు, పల్లకీలో బోయినవారు, పూర్వాచారపరాయణులు. పల్లకిని మోసిన బోయీల యలసట గ్రంథమున నెక్కడనో వంటసామగ్రితోబాటు లెక్కలోనికి వచ్చునే గాని, వారికి ఈ యాత్ర యేమియైనదో మనకు దెలియదు. కాశి చూచి వచ్చిన బోయీ తన యింట నేమి చెప్పియుండును? ఆ రెండవ కాశీయాత్రచరిత్ర మనకు లేదు. ఉన్న గ్రంథమును జదువునపుడు లేని గ్రంథమును గూడ దలంచుకొనుట న్యాయము.

ఇక నేటి వాఙ్మయమునకు వత్తము. లోకమున విహారయాత్ర యొక వ్యాపారమైన చరిత్ర విచిత్రమైనది. 1841 జూలై 5న ఇంగ్లండున థామస్ కుక్ అను నతడు లెస్టరునుండి లఫ్‌బరోకు రైలుబండిలో కొన్నివందలమందిని తలకొక షిల్లింగుచొప్పున దీసికొని పోయెను. వారు పోయినది మద్యపాన నివారణ సభకు! సంస్కారమునకై పుట్టిన పద్ధతి కొలది యేండ్లలో వర్తకమై భూమండలమును జుట్టెను. అదేకాలమున జర్మనీలో బేడెకరు, ఇంగ్లండులో మఱ్ఱే మొదలగు ప్రకాశకులు యాత్రికులకు చేతిపుస్తకములు వేసిరి. చూడదగినదానికి నక్షత్రపు గుర్తు పెట్టుట బేడెకరు వాడుక చేసెను. ఆ నక్షత్రము చిన్నదే గాని దాని ప్రభావము పెద్దది. గుర్తున్నదానిని జూచుటయు, లేనిదానిని దాటిపోవుటయు జనులకు నలవాటైనది.

పాలకాయతిప్పను గుఱించి నేడు వెలువడు కరపత్రములును, పత్రికలలోని విహారవ్యాసములును, సెల్‌ఫోనులలో దిరుగు వీడియోలును ఈ నక్షత్రసంతతిలోనివే. వానినన్నిటిని గలిపి చదివినచో నొక్కటే వాక్యము: తీరము ప్రశాంతము, సంగమము మనోహరము, తప్పక చూడవలసినది. స్థలపురాణము ఫలశ్రుతి చెప్పినట్లే ఇవియు నొక ఫలశ్రుతిని జెప్పుచున్నవి. పుణ్యమునకు బదులు ఛాయాచిత్రము లభించును. దూరపుకొండలు నునుపు అను సామెత కొండలకే గాదు, దూరపుతిప్పలకును వర్తించును. ఈ వ్రాతలలో నున్న యబద్ధము లంతగా లేవు. విడిచిన నిజములే పెక్కు. వానిలో మూటిని జెప్పుదుము.

మొదటిది సముద్రము. 1864 నవంబరు 1న వచ్చిన యుప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది యొక్కరాత్రిలో నశించిరి. 1977 నవంబరు 19న దివిసీమమీద విఱుచుకుపడిన తుపాను, ఉప్పెన, పదివేలమందికి బైగా బలిగొన్నది. తీరగ్రామములు తుడిచిపెట్టుకొని పోయినవి. పాలకాయతిప్ప యట్టివానిలో నొకటి. ఆ యూరివారు సముద్రమునకు బసుపుకుంకుమ లర్పించుటలో నీ జ్ఞాపకమున్నది. తన యింటివారిని గొనిపోయిన నీటియొద్దనే జీవనము వెదకుకొనువాడు దానికి మ్రొక్కుటను మూఢత్వమని యొక్కమాటలో గొట్టివేయుట సులభము గాని న్యాయము గాదు. మనోహరమని పొగడి యుప్పెనను జెప్పని వ్యాసము ఆ తిప్పను జూడలేదనియే చెప్పవలెను. దీనివలన బ్రాణహానియు గలదు. నదియు సముద్రమును గలియుచోట లోపలి ప్రవాహములు పైకి గనబడవు. ఇసుకమేటలు చోటు మారుచుండును. ఎచ్చట దిగవచ్చునో ఎచ్చట దిగరాదో యచటి జాలరికి దెలియును. ఆ జాలరిని అడుగుమని చెప్పు నొక్క వాక్యము పది విశేషణములకంటె మేలు.

రెండవది తిప్పమీది యితరప్రాణులు. జనవరి మొదలు మార్చి వఱకు, అనగా పుష్యమాఘములు గడచు కాలముననే, ఆలివ్ రిడ్లే యను సముద్రపు తాబేళ్లు రాత్రులందు ఈ తీరమున కెక్కి, ఇసుకలో మూరెడు లోతున గుంటత్రవ్వి నూఱేసి గ్రుడ్లు పెట్టి, కప్పి, మరల నీటిలోనికి బోవును. దాదాపు ఏబది దినములకు పిల్లలు వెలువడును. పుట్టిన పిల్ల వెలుతురున్న దిక్కునకు నడచును. నిర్జనతీరమున నా వెలుతురు సముద్రముమీదనే యుండును గావున నది నీటిని చేరును. ఒడ్డున విద్యుద్దీపములు వెలిగించినచో బిల్లలు దీపమును సముద్రమనుకొని యూరివైపు నడచి చచ్చును. ఇసుకమీద బండ్లు నడచినచో గ్రుడ్లు చితుకును. అటవీశాఖవారు గ్రుడ్లనేరి కంచెలలో బొదిగించి పిల్లలను సముద్రమున విడుచుచున్నారు. ఈ సంగతిని జెప్పినచో యాత్రికుల యానందము తఱుగునా? మాకట్లు తోపదు. పూర్ణిమనాడు దీపములు తగ్గించి వెన్నెలలో స్నానముచేయుట యెంత శాస్త్రీయమో యంత రమ్యము.

మూడవది స్త్రీలు. మాఘస్నానమునకు వచ్చువారిలో స్త్రీలు మిక్కుటము. తెల్లవాఱుజామున తడిచీరలతో వచ్చి వేలమంది నడుమ బట్ట మార్చుకొనవలసిన యిల్లాలి యవస్థను జూచి మగవాడు మొగము ద్రిప్పుకొనుట పూర్వమర్యాద. చేతిలోని యంత్రముతో జిత్రము దీయుట నేటి యాచారమగుచున్నది. విహారవ్యాసములకు బక్కన వేయు బొమ్మలలో ఈ యిల్లాండ్రే యుందురు. వారి యనుమతి నెవరడిగిరి? మఱుగుదొడ్డి, బట్టలు మార్చుకొనుటకు తడకలు, త్రాగునీరు, ప్రథమచికిత్స అనునవి యెంతవఱకున్నవో చెప్పుటయే పండుగను వర్ణించుటలో మొదటి ధర్మము. వీరాస్వామయ్యగారు దాదాపు రెండువందలయేండ్లకు ముందు చేసినది ఇదియే.

ఈ సందర్భమున మా వంటి సంస్కారపక్షమువారిని గుఱించియు నొకమాట చెప్పుట విధి. కందుకూరి వీరేశలింగముపంతులుగారు మొదలుగా సంస్కర్తలు మూఢాచారములను ఖండించి దేశమునకు జేసిన మేలు మఱవరానిది. కాని వారి పిమ్మట మన పత్రికలలో నొక తరగతి వ్యాసములు బయలుదేఱినవి. తిరునాళ్లకు బోయి, దుమ్మును, మ్రొక్కులను, దోపిడిని జూచి, ప్రజల యజ్ఞానమునకు విచారించి తిరిగివచ్చుట వాని నిర్మాణము. ఇదియు నొక విహారయాత్రయే. ఒకడు సుందరదృశ్యము నేరుకొనును. ఒకడు వికృతదృశ్యము నేరుకొనును. ఇద్దఱును దాము ముందుగా గోరినదానినే తెచ్చుకొందురు. గుడితలుపులు హరిజనులకు దెఱచునట్లు 1947లో మదరాసు శాసనసభ చట్టము చేసినది. అంతకు ముందును బిమ్మటను సముద్రమునకు దలుపులు లేవు. మాఘపూర్ణిమనాడు ఆ నీటిలో నెవరి ప్రక్కన నెవరు మునిగిరో యడుగువాడు లేడు. సంస్కర్తలు సభలలో గోరిన సమత్వ మొక యుదయమున నక్కడ దానంతట గనబడుచున్నప్పుడు దానిని గుర్తింపక దుమ్మునే వర్ణించుట మంచి చూపు గాదు. ఆ సమత్వము ఒడ్డెక్కినపిదప వంటలకడను, బసలకడను నిలుచుచున్నదా యని యడిగి చూచి వ్రాయుటయే సంస్కారవ్యాసమునకు దగిన పని.

విహారమువలన తిప్పవారికి నాలుగు డబ్బులు వచ్చును గదా, దానిని నిందింపనేల యని యడుగువారున్నారు. మేము నిందించుట లేదు. దుకాణము పెట్టినవాడు, బండి నడిపినవాడు బ్రదుకవలెను. ఆచారము మాఱరాదనియు మేమనము. మన పొరుగునున్న కూచిపూడివారి భాగవతములు పూర్వము గుడిముంగిట రాత్రులందు జరిగినవి. నేడు దేశదేశముల రంగస్థలములపై జరుగుచున్నవి. మాఱినను, మార్పునకు ఆ కుటుంబములును వారి శిష్యులును గర్తలు. బలిద్వీపమున పూనకపు గానమునుండి పుట్టిన కెచక్ అను నాటకము 1930 ప్రాంతమున నొక జర్మను చిత్రకారుని ప్రోత్సాహముతో బరదేశియాత్రికుల వేడుకకై రూపొందెను. ఐనను దానిని నేడు బలిద్వీపవాసులు తమదిగానే యాడుచున్నారు. వెనిసు నగరము జనసమ్మర్దమును భరింపలేక 2024 ఏప్రిలు 25 మొదలు కొన్ని దినములలో బగలు వచ్చిపోవువారినుండి యైదు యూరోల రుసుము గొన నారంభించెను. ఈ మూటినిబట్టి తేలునదేమి? అతిథులు వచ్చుట తప్పుగాదు; ఎందఱు రావలెను, ఏది చూపవలెను, వచ్చిన ధనమెవరికి జేరవలెను అను నిర్ణయములో నింటివారికి మాట యుండవలెను. పాలకాయతిప్పకు వచ్చువారివలన గలుగు లాభములో తిప్పవానికి జేరునదెంత యని యే వ్యాసకర్తయు వ్రాయకుండుట విచారకరము. శ్రీశైలపు పన్నును గుఱించి వీరాస్వామయ్యగారడిగిన ప్రశ్నయే యిది.

కావున యాత్రాగ్రంథమునకు, ముఖ్యముగా నుత్సవవర్ణనమునకు, మేము గోరు పరీక్షలు నాలుగు. ఆచరించువాడు దానికి జెప్పు కారణము వ్రాతలో నుండవలెను. దానికగు వ్యయమును శ్రమయు నెవరివో తెలియవలెను. తరువాత పోవువానికి మేలుగాని కీడుగాని చేయు సంగతులు దాపఱికము లేక యుండవలెను. పండుగ గడచిన మఱునాడు ఆ యూరెట్లున్నదో చూచి వ్రాయవలెను. ఈ నాలుగవదే మిక్కిలి కఠినమైనది. ఏలయనగా బండ్లన్నియు నంతకు ముందురాత్రియే వెడలిపోవును. పండుగనాటి తిప్పను వేలమంది చూచిరి. మఱునాడు ఉదయమున చీపురు పట్టుకొని యొడ్డుకు వచ్చినవారిని, వలలు బాగుచేసికొని మరల సముద్రమునకు బోయినవారిని చూచి వ్రాసిన తెలుగువ్యాస మొక్కటి వచ్చినచో మన యాత్రావాఙ్మయము కాశీయాత్రచరిత్ర తరువాత నొక యడుగు ముందునకు వేసినదని సంతోషింతుము.

మన పాఠకులలో మాఘపూర్ణిమకు దివిసీమ పోవు కుటుంబములు పెక్కు కలవు. వారు గ్రంథకర్తలు గాకపోవచ్చును. ఐనను ఇంటికి వచ్చి పిల్లలకు జెప్పు వృత్తాంతము యాత్రాచరిత్రయే. దేవుని జూచితిమి, సముద్రమును జూచితిమి అని మాత్రమే చెప్పక, ఒడ్డున నీళ్లిచ్చిన యామె పేరేమియో, ఆమె యిల్లెక్కడనో, ఉప్పెననాటి సంగతి వారింట నేమి చెప్పుకొందురో కూడ జెప్పుదురు గాక. అట్లు చెప్పవలెనన్నచో ముందు ఆమెతో మాటాడవలసి యుండును.